స్టీమ్‌లో గేమ్ విడుదలకు 5 లక్షల అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 31. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, ఒక్కడినే ఒక కంప్యూటర్ గేమ్ తయారు చేస్తున్నాను. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఈ నవంబరులో విడుదల. చేతిలో రూ.6.2 లక్షలు ఉన్నాయి. ఇంటి ఖర్చు నెలకు రూ.46 వేలు, టీచరుగా నా భార్య జీతం రూ.24 వేలు. సంగీతం, ట్రైలర్, జపనీస్, జర్మన్ అనువాదాలకు రూ.1.9 లక్షలు అవుతుంది. ప్రకటనలకు మరో రూ.5 లక్షలు కావాలి. పర్సనల్ లోన్ తీసుకోనా? స్టీల్ ప్లాంటులో రిటైరైన నాన్నగారు తన ఎఫ్‌డీ తీసి ఇస్తానంటున్నారు, అది తీసుకోనా?
- ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: రెండూ వద్దు. మీ దగ్గరున్న డబ్బు సరిపోతుంది, ప్రకటనల పద్దు తీసేస్తే.

నవంబరులో అమ్మిన కాపీల డబ్బును స్టీమ్ డిసెంబరు నెలాఖరుకు పంపుతుంది. అంటే జూన్ నుంచి లెక్కేస్తే 7 నెలలు మీ పొదుపు మీదే బతకాలి. నెలకు రూ.22 వేల లోటు చొప్పున రూ.1.54 లక్షలు. దానికి గేమ్ ఖర్చు రూ.1.9 లక్షలు కలిపితే రూ.3.44 లక్షలు. ఇంకా రూ.2.76 లక్షలు మిగులుతాయి. గేమ్ అస్సలు అమ్ముడుపోకపోయినా మరో ఏడాది ఇల్లు గడుస్తుంది.

ఇప్పుడు లోన్ తీసుకున్నారనుకుందాం. 14 శాతం వడ్డీకి మూడేళ్లయితే ఈఎంఐ సుమారు రూ.17,090. నెల లోటు ఒక్కసారిగా రూ.39 వేలు దాటుతుంది. మొత్తం కట్టేది రూ.6.15 లక్షలు. అది తిరిగి రావాలంటే ఎన్ని కాపీలు అమ్మాలి? కొనేవాడు ఇచ్చే ప్రతి రూ.100లో రిఫండ్లు, ఆయా దేశాల పన్నులకు రూ.18 పోతాయని వేసుకోండి. మిగిలిన రూ.82లో స్టీమ్ వాటా 30 శాతం తీస్తే రూ.57. అమ్మకాల్లో సగం అమెరికాలో జరిగితే, ఆ సగం మీద 15 శాతం పన్ను అక్కడే కోస్తారు. మీ చేతికి వచ్చేది రూ.53. డిస్కౌంట్లు, దేశాన్ని బట్టి మారే ధరలు చూసుకుని సగటున ఒక కాపీ రూ.400కు పోతే మీకు రూ.212. ఈ ఒక్క అప్పు తీర్చడానికే ప్రకటనల వల్ల అదనంగా 2,900 కాపీలు అమ్ముడవ్వాలి. తొలి గేమ్‌కు నేనైతే ఆ పందెం కాయమనను.

నాన్నగారి డిపాజిట్ జోలికి అసలు వెళ్లకండి. గడువుకు ముందే తీస్తే బ్యాంకు వడ్డీ కోస్తుంది. అంతకన్నా ముఖ్యం, అది ఆయన మందుల డబ్బు.

ప్రకటనల బదులు డెమో (ఉచితంగా ఆడి చూసే చిన్న భాగం) సిద్ధం చేసి, రాబోయే గేమ్‌ల డెమోలతో స్టీమ్ జరిపే అక్టోబరు నెక్స్ట్ ఫెస్ట్‌లో పెట్టండి. ఇంకా విడుదల కాని గేమ్‌లకే, అదీ ఒక్కసారే అవకాశం ఉంటుంది కాబట్టి సగం ఉడికిన డెమోతో దాన్ని వృథా చేసుకోవద్దు. అనువాదంలోనూ తొందర వద్దు. ముందు స్టోర్ పేజీ ఒక్కటీ జపనీస్, జర్మన్‌లోకి చేయించండి, ఖర్చు కొద్దిగానే. ఏ దేశం వాళ్లు మీ గేమ్‌ను విష్‌లిస్టులో (తర్వాత కొనాలనుకునేవాటి జాబితాలో) పెట్టుకుంటున్నారో చూశాకే మొత్తం గేమ్ అనువాదానికి అడ్వాన్సు ఇవ్వండి.

సంగీతం చేసేవారితో కాగితం రాసుకున్నారా? మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో కాలం రాయకపోతే 5 ఏళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ భావిస్తారు. మీరు అమ్మేది ప్రపంచమంతా. ‘ప్రపంచవ్యాప్తంగా, కాపీరైట్ ఉన్నంత కాలం’ అని రాయించుకున్నాకే వాళ్లకు ఇవ్వాల్సిన మిగతా డబ్బు చెల్లించండి.

స్టీమ్‌లో పన్ను వివరాలు నింపేటప్పుడు మీ పాన్ నంబరు ఇచ్చి, భారత్-అమెరికా ఒప్పందం కింద 15 శాతం రేటు కోరండి. అది వదిలేస్తే 30 శాతం పట్టుకుంటారు. బ్యాంకు ఖాతాలో పేరు, అక్కడ ఇచ్చిన పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి, లేదంటే డబ్బు ఆగిపోవచ్చు. అమెరికాలో కోసిన పన్నుకు ఇక్కడ రిటర్నులో క్రెడిట్ దొరుకుతుంది కానీ, ఇక్కడ కట్టాల్సిన పన్ను మేరకే. కొత్త పన్ను విధానంలో మీ ఆదాయం రూ.12 లక్షల లోపుంటే ఇక్కడ పన్నే ఉండదు, కాబట్టి ఆ 15 శాతం తిరిగి రాదు. పైన రూ.53 అని లెక్క కట్టింది అందుకే. జీఎస్టీ గురించి ఇప్పుడు కంగారు అక్కర్లేదు. ఏడాదిలో ఎగుమతులతో కలిపి మీ రాబడి రూ.20 లక్షలు దాటితేనే ఆ మాట.

మొదటి వారం అమ్మకాలు చూసి కొత్త కంప్యూటర్ కొనేయకండి. కొన్న 14 రోజుల్లో, 2 గంటలకు మించి ఆడకపోతే ఎవరైనా డబ్బు వెనక్కి అడగొచ్చు. మీ గేమ్ 2 గంటల్లో అయిపోయేదైతే ఈ బెడద ఇంకా ఎక్కువ.

ఇంకొకటి, విశాఖకు అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. తుది బిల్డ్‌ను (అమ్మకానికి సిద్ధమైన గేమ్‌ను) విడుదలకు వారం ముందే అప్‌లోడ్ చేసేయండి, సోర్సు (గేమ్ అసలు కోడ్) కాపీ ఒకటి క్లౌడ్‌లో ఉంచండి.

ఉద్యోగంతోపాటు కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోయి ఉంటుంది. మీ ఇద్దరికీ కలిపి ఒకే బీమా మొత్తం వర్తించే రూ.10 లక్షల ఫ్లోటర్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. ప్రీమియాన్ని మిగులు రూ.2.76 లక్షల్లోంచి కట్టి, మిగతాది స్వీప్-ఇన్ డిపాజిట్‌లో (అవసరమైనప్పుడు పొదుపు ఖాతాలోంచే వాడుకోగల ఎఫ్‌డీలో) పెట్టండి.