మంటల దగ్గర మొదలుపెట్టకు

తమ్ముడికి ప్రభువు నామంలో వందనాలు.

ఒడిశాలో కుష్ఠు రోగులకు సేవ చేసిన ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ మీద నువ్వు రాసింది చదివాను. మొదటి వాక్యంలోనే జీపు తగలబడుతోంది. 1999 జనవరి 22 రాత్రి, ఒడిశాలోని మనోహర్‌పూర్, తండ్రి పక్కన నిద్రపోతున్న పదేళ్ల ఫిలిప్, ఆరేళ్ల తిమోతి. కళ్లు చెమర్చాయి. కానీ చదవడం పూర్తయ్యాక కూడా ఆ మనిషి నాకు పరిచయం కాలేదు.

ఆయన ఆస్ట్రేలియా నుంచి వచ్చింది 1965లో, 24 ఏళ్ల వయసులో. బారిపదలో ఆయనకో కలం స్నేహితుడు. అంతకుముందు ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. అక్కడ మొదలుపెట్టు. చూడ్డానికి వచ్చినవాడు ఒడియా నేర్చుకుని, బారిపద ఉన్న మయూర్‌భంజ్ జిల్లాలోనే ఉండిపోయాడు. అక్కడి ఆదివాసుల హో భాషలోకి కొత్త నిబంధన అనువాదమవుతుంటే ఆ రాతప్రతి మొత్తం దిద్దాడు.

ఇక బారిపదలో ఆయన నడిపిన కుష్ఠు ఆశ్రమం. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు, అదే నాకు బాధ. కుష్ఠులో నరాలు చచ్చుబడతాయి. ముల్లు దిగినా, వేడి గిన్నె పట్టుకున్నా తెలియదు. తెలిసేసరికి పుండు పడిపోతుంది. సొంతవాళ్లే ముట్టని ఆ కాళ్లను నీళ్లలో నానబెట్టాలి, కడగాలి, కట్టు కట్టాలి, మర్నాడు మళ్లీ విప్పాలి. మందుతో జబ్బు నయమైనా వెలి పోదు. అందుకే నయమైనవాళ్లకు సబాయి గడ్డితో బుట్టలల్లడం నేర్పారక్కడ. ఇవి రాస్తే ‘త్యాగమూర్తి’ అనే మాట నీకు అవసరం పడదు. ఇప్పుడున్న నాలుగు చోట్లా కొట్టెయ్.

జీపుకు నిప్పుపెట్టిన గుంపును నడిపిన దారాసింగ్ ఉరిశిక్ష యావజ్జీవంగా మారింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. అంతవరకు చెప్పి వదిలెయ్. హంతకుల మతాన్ని బోనెక్కించకు. భర్తనూ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న గ్లాడిస్ గారే ఆ పని చేయలేదు. క్షమిస్తున్నానని ఆవిడ చెప్పిన మాట అందరూ రాస్తారు. ఆ తర్వాత కూడా బారిపదలోనే ఉండి, 2004 దాకా అదే ఆశ్రమాన్ని నడిపిన సంగతి నువ్వు రాయి. ఆ క్షమను నేను నమ్మేది ఆ ఏళ్లను చూసే.

సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఉంది. వెళ్లి, కట్లు కట్టే సిస్టర్లతో ఒక పూట మాట్లాడి రా. ఆశ్రమం భాగం రాశాక ముందు అదొక్కటే పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

నీ అన్న