పుస్తెలు వెతకడానికి నీళ్ళలో దిగేముందు

మెల్బోర్న్, ఫ్లోరిడా

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు మెటల్ డిటెక్టర్ కొన్నదిరా, సముద్రంలో దిగుతుందట, ఇదంతా నీ చలవే" అని అందుకుంది. నాకు ముందు గర్వంగానే అనిపించింది. స్నేహితురాలి పుస్తెలతాడు క్లియర్‌వాటర్ బీచ్‌లో జారిపోతే అయ్యో అని నాలుగు మాటలు చెప్పి ఊరుకునేవాళ్ళే ఎక్కువ. నువ్వు సొంత డబ్బు పెట్టి మెషీన్ కొని, వెతికి ఇస్తానని మాటిచ్చావు. అమ్మమ్మ ఉండి ఉంటే నీకు దిష్టి తీసేది. కానీ ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. నీకు ఈత వచ్చన్న మాట నిజమే. నువ్వు నేర్చుకున్నది మాత్రం అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్‌లో.

మెషీన్ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఉప్పునీళ్ళలో కరెంటు పారుతుంది కాబట్టి, ఒకే ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే డిటెక్టర్ తడి ఇసుక మీదికి రాగానే ఊరికే కూస్తుంది. నీది మల్టీ ఫ్రీక్వెన్సీ, మూడు మీటర్ల లోతు వరకు నీళ్ళు తట్టుకునేది అని మీ అమ్మ పెట్టె మీద రాసింది చదివి వినిపించింది. బాగుంది, అదే కావాల్సింది. పల్స్ ఇండక్షన్ అనే ఇంకో రకం మెషీన్లు ఇంకా లోతుకు వింటాయి గానీ, ఇనుమేదో బంగారమేదో చెప్పవు. గాలాలూ మేకులూ తవ్వుకుంటూ కూర్చోవాలి. నీళ్ళలోకి దిగాక బీచ్ మోడ్ పెట్టు, నాయిస్ క్యాన్సిల్ చెయ్యి, అప్పటికీ గోల చేస్తుంటే అది సద్దుమణిగేదాకా సెన్సిటివిటీ తగ్గించు. సెన్సిటివిటీ తగ్గితే దొరికేది తగ్గుతుందని భయపడకు. గోలలో అసలు శబ్దమే వినపడదు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నావట కదా. అయితే మొదటిసారి సముద్రంలో ముంచకు. ఇంట్లో బాత్‌టబ్ నింపి, మూతలన్నీ బిగించి, అందులో పెట్టి బుడగలు వస్తున్నాయేమో చూడు. లీకు ఉంటే ఇంట్లో మంచినీళ్ళ దగ్గరే బయటపడాలి. ఉప్పునీరు ఒక్కసారి లోపలికి పోయిందంటే సర్క్యూట్ బోర్డు దక్కదు.

ఇప్పుడు పుస్తెల గురించి. ఇది జాగ్రత్తగా చదువు. డిటెక్టర్‌కి గొలుసు సరిగ్గా వినపడదు. తాడు మూడు కాసులదైనా సరే, మెషీన్‌కి అది ఒక వస్తువు కాదు, వందల చిన్న చిన్న లంకెలు. ఒక్కో లంకె ఇచ్చే శబ్దం చాలా సన్నం. నల్లపూసలైతే అసలే వినపడవు. నువ్వు వెతకాల్సింది ఆ రెండు పుస్తెల్ని. అవి రేకులాగా, గిన్నె ఆకారంలో ఉంటాయి కాబట్టి చక్కగా పలుకుతాయి. అలాంటి పుస్తె ఎవరిదైనా ఒక గంట అడిగి తీసుకో. ఇవ్వడానికి సంకోచిస్తారు, కాబట్టి బతిమాలు. దాన్ని ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి, డబ్బాకి పొడుగాటి దారం కట్టి, ఒడ్డున తడి ఇసుకలో జానెడు లోతున పాతిపెట్టి, దాని మీదుగా కాయిల్, అదే కర్ర చివరుండే చక్రం, నెమ్మదిగా తిప్పు. తెర మీద వచ్చే నంబర్, చెవిలో వచ్చే స్వరం గుర్తుపెట్టుకో. 22 క్యారెట్ల బంగారం ఇక్కడివాళ్ళ 14 క్యారెట్ల ఉంగరాల కంటే పై నంబర్ చూపిస్తుంది. కూల్‌డ్రింక్ డబ్బా రింగులు, నికెల్ నాణేలు, బంగారు ఉంగరాలు దగ్గర దగ్గరగా ఒకే చోట పలుకుతాయి. చెత్త అనుకుని ఆ నంబర్లను వదిలేశావంటే బంగారాన్నీ వదిలేసినట్టే. అనుమానం వచ్చిన ప్రతి చోటా తవ్వాల్సిందే.

ఎక్కడ వెతకాలన్నది ఇంకా ముఖ్యం. ఆ రోజు తీసిన ఫోటోలన్నీ పంపమని ఆ అమ్మాయిని అడుగు. ఫోటోలో టైము ఉంటుంది, వెనకాల హోటలో లైఫ్‌గార్డ్ టవరో కనిపిస్తుంది. ఫోటో ఎక్కడి నుంచి తీశారో అక్కడే నిలబడి, ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి అలాగే కనిపించేదాకా జరుగుతూ పో. క్లియర్‌వాటర్ బీచ్‌లోనే నోవా, అంటే ఇక్కడి ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ వాళ్ళు నీటిమట్టం కొలిచే స్టేషన్ ఉంది. ఫోటో టైముకి ఆటు ఉందో పోటు ఉందో దాని లెక్కల్లో చూడు. ఆమె నడుం లోతులో ఉన్నానంటే, ఆ రోజు నడుం లోతు ఇవాళ మోకాలి లోతు కావచ్చు. ఆటుకి రెండు గంటల ముందు దిగి, నీళ్ళు తిరిగి పెరగడం మొదలయ్యాక బయటికి వచ్చెయ్. చలికాలంలో కోల్డ్ ఫ్రంట్, అంటే చలిగాలి తెర, వెళ్ళాక ఒడ్డు వైపు నుంచి గాలి వీస్తే గల్ఫ్, అదే క్లియర్‌వాటర్ వైపు సముద్రం, నీళ్ళు మామూలు కంటే వెనక్కి పోతాయి. అలాంటి రోజు దొరికితే ఆఫీసుకి సెలవు పెట్టు.

నాలుగు పీవీసీ గొట్టాలు పాతి తాడు కట్టుకో. ఒడ్డుకి సమాంతరంగా ఒకసారి, అడ్డంగా ఇంకోసారి తిరుగు. ఒక ఊపు ఇంకో ఊపు మీద సగం పడాలి. కాయిల్ ఇసుకని ఒరుసుకుంటూ పోవాలి. బంగారం బరువు కాబట్టి అలల కుదుపుకి కిందికి దిగుతూ, గట్టి పొరో గుల్లల పొరో తగిలితే అక్కడ ఆగుతుంది. ఈ మధ్య ఆ బీచ్‌లో కొత్త ఇసుక పోశారేమో సిటీ ఆఫీసులో కనుక్కో. పోసి ఉంటే, అంతకు ముందు పడిందేదీ మన కాయిల్‌కి అందదు, ఆశ పెట్టించకు. డిటెక్టర్‌కి అక్కడ అనుమతి ఉందో లేదో కూడా అదే ఫోన్‌లో అడిగెయ్. నేషనల్ సీషోర్లు, అంటే కేంద్ర ప్రభుత్వం కాపాడే తీరాల్లో పూర్తిగా నిషేధం, ఆ పక్కకే పోకు. మా వైపు సెబాస్టియన్ దగ్గర 1715 జూలైలో హరికేన్‌కి 11 ఓడలు మునిగాయి. ఇప్పటికీ తుఫాను తర్వాత ఒడ్డున వెండి నాణేలు బయటపడుతుంటాయి. అయినా ఆ నీళ్ళలో దిగి వెతికే హక్కు లైసెన్సు ఉన్నవాళ్ళకే. ఒడ్డుకీ నీళ్ళకీ వేర్వేరు రూల్స్ ఉంటాయని గుర్తుంచుకో.

ఇక నా నిద్ర చెడగొట్టిన సంగతి.

నాకు ఈ పిచ్చి అంటించిన స్నేహితుడొకడు ఉండేవాడు, తణుకు వైపు మనిషి. అతను జీతంలో మిగిల్చి మిగిల్చి మంచి మెషీన్ కొన్నాడు. అల వచ్చి లాక్కుపోతుందేమోనని భయపడి, నైలాన్ తాడుతో దాన్ని నడుముకి కట్టుకున్నాడు. కట్టడమంటే కొక్కెం కాదు, రెండు ముళ్ళు వేసి బిగించాడు. నేను వద్దనలేదు, నాకూ అప్పటికి అంత తెలియదు. ఈశాన్యపు గాలి రెండు రోజులు కొట్టి తగ్గిన మర్నాడు పొద్దున్నే అట్లాంటిక్ వైపు దిగాం. నీళ్ళ కింది ఇసుక తిన్నెకీ ఒడ్డుకీ మధ్య కాలవలాగా ఒక పల్లం పడింది. బరువైనవన్నీ చేరేది అందులోనే కాబట్టి ఛాతీ లోతు దాకా వెళ్ళాడు. తల వంచుకుని కాయిల్ వైపే చూస్తున్నాడు, రెండు చెవులకీ హెడ్‌ఫోన్స్. తిన్నె తెగిన చోట నీళ్ళు లోపలికి పరుగెడుతున్నాయని నాకు ఒడ్డు నుంచి కనిపిస్తోంది. అక్కడ అలలు విరగడం లేదు, నురగ సముద్రం వైపు పోతోంది. గొంతు చించుకుని అరిచాను. అతనికి వినపడలేదు.

కాళ్ళు లేచాయి. మామూలుగా అయితే మెషీన్ వదిలేసి ఒడ్డుకి సమాంతరంగా ఈదాలి, ఆ లాగుడు దాటాక బయటికి రావాలి. ఆ మాట అతనికీ తెలుసు. కానీ కాయిల్ నీళ్ళకి ఎదురుగా తిరిగి తెరచాపలా పట్టుకుంది. అతను ఎటు ఈదినా తాడు నడుముని లోపలికి లాగుతోంది. తడిసిన నైలాన్ ముడి విప్పడానికి రెండు చేతులూ కావాలి, ఆ రెండు చేతులూ ఈదడానికి కావాలి. సర్ఫింగ్ బోర్డుల మీద ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు చూసి వెళ్ళి పట్టుకోబట్టి బతికాడు. ఒడ్డున పడుకోబెట్టాక కత్తెర తెచ్చి తాడు తెంచాం. నడుం చుట్టూ వేలెడు వెడల్పున చర్మం లేచిపోయింది. పక్కన ఆ మెషీన్ ఇంకా కూస్తూనే ఉంది. అతని భార్యకి నేనే ఫోన్ చేసి చెప్పాలి. చేతులు వణికి నంబర్ సరిగ్గా నొక్కలేకపోయాను.

కాబట్టి తిట్టానని అనుకోకు, బుజ్జీ, ఇది ఆజ్ఞే. మెషీన్ ఒంటికి కట్టుకోకు. పట్టీ పెట్టుకోక తప్పదనుకుంటే, ఒంటి చేత్తో లాగితే ఊడే బకిల్ పెట్టుకో. ఇంట్లో కళ్ళు మూసుకుని, ఎడం చేత్తో ఊడదీయడం అలవాటు చేసుకో. ఇసుక తవ్వి జల్లించే స్కూప్‌కీ అంతే. హెడ్‌ఫోన్ ఒక చెవికే. లైఫ్‌గార్డ్ ఈల వినపడాలి, ఉరుము వినపడాలి. ఫ్లోరిడా ఎండాకాలంలో మధ్యాహ్నం దాటితే పిడుగులే. నీళ్ళలో నిలబడి చేతిలో స్టీలు స్కూప్ పట్టుకున్న మనిషిని తలుచుకుంటేనే నాకు గుండె జారుతుంది. ఒక్క ఉరుము వినపడినా బయటికి వచ్చి కారెక్కు, చివరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకు. ఎర్ర జెండా ఉంటే ఆ రోజు ఇంట్లో ఉండు. ఎప్పుడూ ఒంటరిగా వెళ్ళకు, నడుం లోతు దాటకు. పుస్తెలు ఛాతీ లోతులో ఉన్నాయని ఖాయంగా తెలిసినా సరే, ఆటు కోసం ఆగు.

కాళ్ళకి గట్టి అడుగున్న నీటి బూట్లు వేసుకో. 2024లో హెలీన్, మిల్టన్ హరికేన్లు వరసగా కొట్టినప్పుడు ఆ తీరంలో ఇళ్ళల్లో సామానంతా కొట్టుకుపోయింది. ఇసుకలో మేకులూ గాజుపెంకులూ ఉంటాయి. అడుగు ఎత్తి వేయకు, ఈడుస్తూ నడువు. ఇసుకలో స్టింగ్రేలు, అదే మన టేకు చేపలు, కప్పుకుని పడుకుంటాయి. కాలు ఈడిస్తే అవే తప్పుకుంటాయి. ఒంటి మీద పచ్చి గాయం ఉంటే ఆ వెచ్చటి ఉప్పునీళ్ళలోకి దిగనే వద్దు. విబ్రియో అనే సూక్ష్మజీవి గాయంలోంచి పోతే చాలా ప్రమాదం.

తవ్వడం తేలిక. శబ్దం నడిమధ్యకి కాయిల్ తెచ్చి, దాని వెనక బూటు ఆనించి, కాయిల్ పక్కకి జరిపి, బూటు ముందు స్కూప్ దించు. పైకి లాగి నీళ్ళలోనే ఊపితే ఇసుక జారిపోతుంది. గుంత మీద మళ్ళీ ఒకసారి విను. తర్వాత కాలితో పూడ్చెయ్, పిల్లలు పడతారు. దొరికిన గాలాలు తిరిగి నీళ్ళలో పారెయ్యకు, సంచీలో వేసుకో.

ఇంటికొచ్చాక స్నానం నీకంటే ముందు మెషీన్‌కి. మంచినీళ్ళతో మెల్లగా కడుగు, ప్రెషర్ పైపు వద్దు. కాయిల్ కవర్ ఊడదీసి లోపలి ఇసుక కడుగు, లేకపోతే అది అరిగిస్తుంది, తప్పుడు శబ్దాలూ వస్తాయి. కర్ర కీళ్ళు విప్పి కడుగు, ఉప్పు పడితే మళ్ళీ విడిరావు. మూతలు పూర్తిగా ఆరాకే తెరువు. మూత దగ్గర ఓ రింగ్, అదే రబ్బరు వలయం, ఉంటే దాని మీద వెంట్రుక ఉన్నా లీకే, తుడిచి కాస్త సిలికాన్ గ్రీజు రాయి. ఎండలో కారులో ఉడికిన మెషీన్‌ని వెంటనే చల్లటి నీళ్ళలో ముంచకు. లోపలి గాలి ఒక్కసారి కుంచించుకుని నీళ్ళని లాక్కుంటుంది.

వెతికేటప్పుడు ఇంకెవరివో ఉంగరాలు దొరుకుతాయి. అవి నీవి కావు. లోపల పేరో, స్కూలు పేరూ సంవత్సరమో ఉంటే మనిషిని పట్టుకోవచ్చు. లేకపోతే పోలీసులకి చెప్పాలి, ఫ్లోరిడా చట్టం అదే. ఇంకో మాట. సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఈ మెషీన్ ఉప్పాడ తీసుకెళ్తానన్నావట. 2020లో నివర్ తుఫాను వెళ్ళాక అక్కడ జనం ఇసుకలో బంగారం ఏరుకోవడం చూసి నీకు ఆశ పుట్టి ఉంటుంది. ఆ బంగారం ఆ ఊరివాళ్ళు సముద్రానికి పోగొట్టుకున్న ఇళ్ళదీ గుళ్ళదీ అంటారు. వాళ్ళు చేతులతో ఏరుకుంటుంటే మనం మెషీన్ పట్టుకుని పక్కన నిలబడడం నాకు నచ్చదు. పైగా 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది. మట్టిలో దాగిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కి చెప్పాలి.

స్కూప్ కొనకు, నా దగ్గర పొడుగు కర్రవి రెండున్నాయి. వచ్చే శనివారం ఆటు ఎన్నింటికో చూసి మెసేజ్ పెట్టు. తెల్లవారకముందే బయల్దేరి వచ్చేస్తాను, అత్తయ్య కూడా వస్తానంటోంది. నువ్వు నీళ్ళలో ఉన్నంతసేపూ నేను ఒడ్డున నిలబడతాను. నేను చెయ్యి ఊపితే ఎందుకని అడక్కుండా బయటికి రా. ఆ అమ్మాయిని కూడా రమ్మను, ఎక్కడ నిలబడిందో తనే చూపించాలి.

మీ మావయ్య