ఇన్‌కం టాక్స్ బకాయి కట్టమని ఆర్డర్ వస్తే: సీఏ దగ్గరికా, లాయర్ దగ్గరికా?

మీరు అడిగింది ఇదీ: 6,40,000 రూపాయలు కట్టమని ఇన్‌కం టాక్స్ ఆర్డర్ వచ్చింది, అంత డబ్బు చేతిలో లేదు, లాయర్‌ని పెట్టుకోవాలా లేక రిటర్ను వేసే ఆయన సరిపోతాడా అని.

మనిషిని వెతికే ముందు ఆర్డర్ ఏ సెక్షన్ కింద ఇచ్చారో, ఏ రోజు మీకు అందిందో చూడండి. 156 సెక్షన్ కింద ఇచ్చే డిమాండ్ నోటీసు అందిన రోజు నుంచి డబ్బు కట్టడానికి 30 రోజులు. అప్పీలుకూ అంతే. నోటీసులు ఇన్‌కం టాక్స్ పోర్టల్లో ఉన్న మెయిల్‌కే వెళ్తాయి. మన దగ్గర చాలామంది ఖాతాల్లో ఉండేది రిటర్ను వేసినాయన మెయిలూ, ఆయన ఫోన్ నంబరే. ఆయన చూసి చెప్పేసరికి గడువు సగం అయిపోతుంది. ఇవాళే లాగిన్ అయి రెండూ మీవి పెట్టుకోండి. పనిలో పనిగా నోటీసు మీద ఉన్న డిన్ నంబర్‌ను (ప్రతి నోటీసుకూ ఇచ్చే గుర్తింపు నంబరు) పోర్టల్లో సరిచూడండి, దొంగ నోటీసులూ తిరుగుతున్నాయి.

143(1) కింద వచ్చిందైతే అది బెంగళూరు సీపీసీలో, అంటే రిటర్నులు ప్రాసెస్ చేసే కేంద్రంలో, కంప్యూటర్ వేసిన లెక్క. 26ఏఎస్‌లో (మీ పేరున జమైన పన్ను చూపే పట్టిక) టీడీఎస్ కనపడకపోవడం, చలానా వేరే సంవత్సరం కింద కట్టడం లాంటివే ఎక్కువ. దీనికి లాయర్ అక్కర్లేదు. పోర్టల్లో డిమాండ్‌కు ఒప్పుకోవడం లేదని జవాబు పెట్టి, 154 కింద రెక్టిఫికేషన్, అంటే తప్పు సవరణ, అడగాలి. దానికి ఆర్డర్ ఇచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకు వీలుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే: రెక్టిఫికేషన్ మీద రెక్టిఫికేషన్ వేస్తూ కూర్చుంటారు, ఈలోగా అప్పీలు గడువు దాటిపోతుంది. 154లో సరిచేసేది కంటికి కనపడే తప్పునే. వాదించాల్సిన విషయం ఏమాత్రం ఉన్నా అప్పీలు కూడా వేసి ఉంచండి. కంపెనీ జీతంలో టీడీఎస్ కోసి సర్కారుకు కట్టకుండా మూతపడిన కేసుల్లో 205 సెక్షన్ మీ పక్షాన ఉంది: కోసిన మేరకు మళ్లీ మిమ్మల్ని కట్టమనకూడదు. పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పెట్టుకోండి.

143(3) (అధికారి కాగితాలు పరిశీలించి వేసిన అసెస్‌మెంటు), 144 (మీరు జవాబివ్వకపోతే అధికారి తన అంచనాతో వేసినది), 147 (పాత కేసు తిరిగి తెరిచి వేసినది) కిందైతే సంగతి వేరు. బ్యాంకులో వేసిన నగదు, వ్యాపారం లెక్కల తగాదా అయితే అప్పీళ్లు నడిపిన సీఏ చాలు. కేసు తిరిగి తెరుస్తూ ఇచ్చిన 148 నోటీసే చెల్లదనో, ఊరి పక్క అమ్మిన పొలం క్యాపిటల్ గెయిన్స్ (ఆస్తి అమ్మిన లాభం మీద పన్ను) కిందికి రాదనో వాదించాలంటే టాక్స్ లాయర్‌ని కలవండి. పొలం కేసులో మున్సిపాలిటీ జనాభాను బట్టి 2, 6, 8 కిలోమీటర్ల హద్దు ఉంటుంది, పొలం దానికి బయట ఉండాలి. రోడ్డు దూరం లెక్కలోకి రాదు, సరళరేఖలో కొలుస్తారు. తహసీల్దారు నుంచి దూరం సర్టిఫికెట్, పహాణీ లేదా అడంగల్ నకళ్లు ముందే తెచ్చుకోండి. హైదరాబాద్, విశాఖ ట్రిబ్యునల్ బెంచీల దాకా సీఏ కూడా వాదించవచ్చు, హైకోర్టుకు మాత్రం అడ్వకేటే.

అప్పీలు ఫారం 35లో, ఆన్‌లైన్‌లోనే. అధికారి లెక్కేసిన ఆదాయం రెండు లక్షలు దాటితే ఫీజు 1,000 రూపాయలు. రిటర్నులో మీరే చూపిన ఆదాయం మీద పన్ను బాకీ ఉంటే ముందు అది కట్టాలి, లేకుంటే అప్పీలు స్వీకరించరు. అసెస్‌మెంటులో చూపని కాగితం అప్పీలులో పెట్టాలంటే 46ఏ రూలు కింద ఎందుకు చూపలేకపోయారో చెప్పాలి. 144 ఆర్డర్లలో చాలా అప్పీళ్లు ఇక్కడే నీరుగారిపోతాయి.

అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. 220(6) కింద మీ అసెసింగ్ ఆఫీసర్‌కు స్టే అర్జీ విడిగా పెట్టాలి. 2017 నుంచి మామూలుగా 20 శాతం కట్టమనేవారు, మీ లెక్కన 1,28,000; 2026 బడ్జెట్‌లో దాన్ని 10 శాతానికి తగ్గిస్తామన్నారు. అదీ కష్టమైతే 220(3) కింద వాయిదాలు అడగండి, నెలకు ఎంత కట్టగలరో బ్యాంకు స్టేట్‌మెంటుతో చూపించి. ఊరికే అడిగితే ఇవ్వరు. ఏదీ చేయకపోతే 226(3) కింద బ్యాంకుకు లెటరు పోతుంది, ఖాతా ఆగిపోతుంది. బాకీ మీద నెలకు ఒక శాతం వడ్డీ, అంటే 6,400. స్టే ఉన్నా, ఓడిపోతే ఈ వడ్డీ తప్పదు.

ఫీజు ఇంతని ముందే రాయించుకోండి. అప్పీలుకు ఎంత, స్టేకి ఎంత, హియరింగులకు విడిగానా అని అడగండి. తగ్గించినదాంట్లో వాటా అడిగే లాయర్‌కు దండం పెట్టి వచ్చేయండి, బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. ఆఫీసర్‌తో మాట్లాడి సెటిల్ చేస్తాననే వాడు ఇంకా ప్రమాదం, పైగా ఇప్పుడు అప్పీళ్లలో చాలావరకు ఎవరి ముఖం ఎవరూ చూడని ఫేస్‌లెస్ పద్ధతే. ఆర్డర్ కాపీ, రిటర్ను, 26ఏఎస్, ఏఐఎస్ (మీ ఆదాయం, లావాదేవీల గురించి శాఖ దగ్గరున్న పట్టిక), బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇవ్వండి, పాస్‌వర్డు మాత్రం వద్దు. మీ సీఏనో లాయర్‌నో ప్రతినిధిగా పోర్టల్లోనే చేర్చవచ్చు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కదా అని సెక్షన్ల గురించి గాభరా పడకండి, అంతకు ముందు సంవత్సరాల కేసులు 1961 చట్టం కిందే నడుస్తాయి.

చివరిగా, ఏజెంటు మాట విని లేని విరాళాలు, లేని ఇంటద్దె చూపించి రిఫండ్ తీసుకున్న కేసైతే అప్పీలు వేసి లాభం లేదు. ఆర్డర్‌లో మిస్‌రిపోర్టింగ్ (తప్పుడు వివరాలు చూపడం) అని రాయకపోతే పన్ను, వడ్డీ గడువులో కట్టి, అప్పీలు వదులుకుని, ఆర్డర్ అందిన నెల ముగిశాక ఒక నెలలోగా ఫారం 68 వేయండి, 50 శాతం పెనాల్టీ నుంచి మినహాయింపు అడగవచ్చు. ఆ మాట రాసి ఉంటే పెనాల్టీ 200 శాతం. అప్పుడు సీఏ మీద వదిలేయకుండా లాయర్ దగ్గరికే వెళ్లండి.