బేరంతో మొదలైనదాన్ని ప్రేమ అనొచ్చా? - 'ది పియానో' సినిమా గురించి

"'ది పియానో'లో బెయిన్స్ చేసింది బేరమే కదా, దాన్ని ప్రేమకథ అని ఎలా మెచ్చుకుంటారు?" అని అడిగారు. మొదటిసారి హాస్టల్లో చూసినప్పుడు నాకూ సరిగ్గా ఇదే అనిపించి సగంలో ఆపేశాను. రెండోసారి మా పిన్నితో కూర్చుని మొత్తం చూశాను.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1993లో జేన్ క్యాంపియన్ తీసిన సినిమా. పందొమ్మిదో శతాబ్దం నాటి కథ. ఆరేళ్ల వయసులోనే మాట్లాడటం మానేసిన ఏడా అనే స్కాట్లాండ్ ఆవిడకి, ఆమె ముఖమైనా చూడని స్టూవర్ట్‌తో తండ్రి పెళ్లి చేసి న్యూజిలాండ్ పంపేస్తాడు. మనకి పెళ్లిచూపులైనా ఉంటాయి! కూతురినీ పియానోనీ వెంటబెట్టుకుని దిగితే, మొగుడు పియానోని సముద్రపు ఒడ్డునే వదిలేయిస్తాడు. తర్వాత ఎనభై ఎకరాల కోసం, ఆవిడని అడగకుండానే, దాన్ని పొరుగాయన బెయిన్స్‌కి ఇచ్చేస్తాడు. పైగా పాఠాలు కూడా చెప్పమంటాడు. బెయిన్స్ ఏమో వచ్చిన ప్రతిసారీ ఒక్కో మెట్టు (వేలితో నొక్కే కీ) చొప్పున పియానో తిరిగిస్తానంటాడు, బదులుగా తనని దగ్గరికి రానివ్వాలి. ఏడా బేరమాడి, తక్కువగా ఉండే నల్ల మెట్ల లెక్కకే ఒప్పిస్తుంది.

ఆ బేరం తప్పే. నేను సమర్థించను.

మా పిన్ని పెళ్లికి ముందు విజయనగరంలో వయొలిన్ నేర్చుకుంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి అక్కడ అదేం వింత కాదు. అత్తారింట్లో వాయించొద్దని ఎవరూ అనలేదు, వాయించమనీ అడగలేదు. పెట్టె బీరువా మీద ఉండిపోయింది. ఏడా వంటింటి బల్ల మీద మెట్లు చెక్కుకుని, చప్పుడే రాని ఆ చెక్క మీద వాయించుకుంటుంది. అది చూసి స్టూవర్ట్‌కి ఈవిడకి మతి సరిగా ఉందా అని టెన్షన్. అక్కడ పిన్ని ఆపమంది. "నేను చపాతీ పీట అంచు మీద వేళ్లు ఆడించేదాన్నే. మీ బాబాయి చూసి, చీమలు పాకుతున్నాయా అనేవారు" అని నవ్వింది. బాబాయి చెడ్డవాడు కాదు. స్టూవర్ట్ కూడా మొదట్లో కాదు. తర్వాత గొడ్డలి పడతాడు, ఆ సీన్‌కి గుండె చిక్కబట్టుకోండి.

నా లెక్కలో ప్రేమ మొదలయ్యేది బేరం దగ్గర కాదు. ఇది నిన్నూ దిగజారుస్తోంది, నన్నూ చంపుతోంది అన్నట్టు బెయిన్స్ తనంతట తనే బేరం ఆపేసి పియానో ఇంటికి పంపేస్తాడు. ఇక ఆమె వెళ్లాల్సిన అవసరమే లేదు. అయినా వెళ్తుంది. అంతకుముందు ఉన్నదంతా కోరిక, ఒంటరితనం, కొంత దౌర్జన్యం.

పిన్ని ఒప్పుకోలేదు. మొదటి పాఠానికి ముందే బెయిన్స్ ఒక అంధుడిని పిలిపించి పియానో శ్రుతి చేయిస్తాడు. "ఉప్పుగాలికి పాడైనదాన్ని బాగు చేయించాలని తోచింది కదా, అక్కడే అయిపోయింది" అంటుంది. బేరం కోసమే చేయించాడు పిన్నీ అంటే వినదు. ఇప్పటికీ తేలలేదు మాకు.

ఇంకో మాట. ఏడా వేళ్లు చూసి "ఈవిడ నిజంగానే వాయిస్తోందే" అని పిన్ని పట్టేసింది. నిజమే, ఏడాగా వేసిన హోలీ హంటర్ మైకేల్ నైమన్ స్వరపరిచిన ఆ సంగీతాన్ని తనే వాయించింది. ఆమెకీ, కూతురిగా వేసిన పదకొండేళ్ల అనా పాక్విన్‌కీ ఆస్కార్లు వచ్చాయి. కాన్ చిత్రోత్సవంలో అన్నిటికన్నా పెద్ద బహుమతి పామ్ డోర్ అందుకున్న మొదటి మహిళా దర్శకురాలు క్యాంపియనే. నాకు నచ్చనిది న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీ జనాన్ని దాదాపు అడవిలో చెట్లలాగే వెనకాల నిలబెట్టేయడం. ఆ విమర్శ చాలామంది చేశారు.

అన్నట్టు, కొన్ని సీన్లు వస్తుంటే నేను మొహమాటపడి ముందుకి జరపబోయాను. పిన్ని నా చెయ్యి పట్టుకుని, "అరవై దాటాయే నాకు, ఉండనీ" అంది.