విప్పి మళ్లీ కట్టిన వేయిస్తంభాల గుడి మండపం పాతదేనా?

హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని రాయి రాయిగా విప్పి, పునర్నిర్మించి 2024లో తెరిచారు. అది కాకతీయుల మండపమేనా అంటే, నా దృష్టిలో అవును.

తత్వశాస్త్రంలో ఇది పాత చిక్కే. థీసియస్ అనే గ్రీకు వీరుడి ఓడలో పుచ్చిన చెక్కలన్నీ ఒక్కొక్కటే మార్చేస్తే, మిగిలేది అదే ఓడా? 17వ శతాబ్దంలో థామస్ హాబ్స్ అనే ఇంగ్లిష్ తత్వవేత్త ముడి ఇంకా బిగించాడు: తీసేసిన పాత చెక్కలతో ఇంకో ఓడ కడితే, రెండిట్లో అసలుది ఏది? పదార్థమే ముఖ్యమంటే రెండోది, తెగకుండా కొనసాగడం ముఖ్యమంటే మొదటిది.

మన మండపం సంగతి ఇంకా కష్టం. పాడైన రాళ్లే మార్చారు గానీ, మధ్యలో ఏళ్ల తరబడి అక్కడ మండపమే లేదు, విడి రాళ్లే! లేకుండాపోయిన వస్తువు తిరిగి రాగలదా? విప్పిన గడియారాన్ని బిగించాక అదే గడియారం అంటాం. పాత రాళ్లు, పాత అమరిక, పాత చోటు కలిశాయి కాబట్టి ఇక్కడా అంతే అనుకుంటాను.

మనుషులకు ఈ లెక్క చాలదు. వ్యక్తిని అదే వ్యక్తిగా నిలిపేది గతాన్ని తనదిగా ఎరిగే స్పృహ అన్నాడు మరో ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్. మరి మతిమరుపు వచ్చి మనల్ని గుర్తుపట్టని తాత మన తాతే కదా? అందుకే లాక్ మాట నాకు పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు.