జైపాల్ సింగ్ ముండా గెలిచారా, ఓడారా?

"గ్రూప్స్‌కి చదువుతున్నాను. జైపాల్ సింగ్ ముండా రాజకీయ జీవితాన్ని విజయమనాలా, వైఫల్యమనాలా? మన నెల్లూరు జిల్లా గిరిజనులకు ఆయనతో ఏమన్నా సంబంధం ఉందా?" అని అడిగారు. నేను యానాదిని. మాది కోవూరు పక్క పల్లె. మాయమ్మ 2013లో గెలిచి ఐదేళ్లు ఊరి ప్రెసిడెంటుగా చేసింది. కాబట్టి ముందు ఆమె సంగతి చెప్పి, జార్ఖండ్ ఆదివాసీ నాయకుడైన ఆయన దగ్గరికి వస్తాను, ఓపిక పట్టండి.

సర్పంచ్ సీటు ఎస్టీ మహిళకు రిజర్వయిందని తెలిసిన సాయంత్రమే ఊరి పెద్దాయన మనిషి మా కాలనీకి వచ్చాడు. అమ్మ అప్పుడే రొయ్యల గుంటలో మేత చల్లి వస్తా ఉంది. నామినేషను, డిపాజిట్టు, ఖర్చులు అన్నీ పెద్దాయనే చూసుకున్నాడు. గెలిచినాక చెక్కుబుక్కు, రబ్బరు స్టాంపు రెండూ ఆయన బీరువాలోకి పోయినాయి. అమ్మకు సంతకం నేర్పింది నేనే, పాత పేపర్ల అంచుల మీద. ఆ నేర్చుకున్న సంతకాన్ని మొట్టమొదట ఖాళీ చెక్కు మీద పెట్టించారు. ఆగస్టు 15న జెండా అమ్మే ఎగరేసింది. ఆ తర్వాత అందరూ కుర్చీల్లో కూర్చుంటే తను మాత్రం జెండా కర్ర పక్కనే నిలబడింది. "ఏమ్మే ప్రెసిడెంటా, టీలు అందరికీ అందినాయో లేదో చూడు" అన్నాడు పెద్దాయన, నవ్వుతానే.

జైపాల్ సింగ్ 1903లో రాంచీ దగ్గర టకరా అనే ముండా పల్లెలో పుట్టారు. మిషనరీల బడి, ఆక్స్‌ఫర్డ్ చదువు, బ్రిటిష్ కాలపు పెద్ద కొలువైన ఐసీఎస్‌కి ఎంపిక. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి హాకీ కెప్టెన్‌గా పిలిస్తే, సెలవు దొరక్కపోయినా వెళ్లారు. మన జట్టుకు స్వర్ణం వచ్చింది, ఆయన ఐసీఎస్ వదిలేశారు. 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యారు.

హాకీ గురించి అందరూ రాస్తారు. మీరు మాత్రం 1946 డిసెంబర్ 19 దగ్గర ఆగండి. ఆ రోజు రాజ్యాంగ సభలో, నెహ్రూ ప్రవేశపెట్టిన లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ, నేను జంగ్లీనే, అడవి మనిషినే అని ఆయనే చెప్పుకున్నారు. ఆదివాసులకు మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, మీరే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి అన్నారు. ఈ సభలో మగవాళ్లు మరీ ఎక్కువగా ఉన్నారు, ఆడవాళ్లు రావాలి అని కూడా అన్నారు. తర్వాత మద్యనిషేధాన్ని ప్రభుత్వాలకు దారి చూపే ఆదేశిక సూత్రాల్లో చేర్చేటప్పుడు, బియ్యపు కల్లు మా మతాచారంలో భాగమని అడ్డం తగిలారు. గాంధీ పేరు మీద నడుస్తున్న సభలో ఆ మాట అనాలంటే ఎంత గుండె ఉండాలి!

ఆడవాళ్లు రావాలన్న మాట ఒకసారి అమ్మకు చెప్పినాను. కాసేపు ఆలోచించి, "ఆయన చెక్కుబుక్కు ఎవురి కాడ ఉండిందంట?" అనింది.

నవ్వుకున్నా గానీ, మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. 1950లో జార్ఖండ్ పార్టీ పెట్టారు. 1952లో బిహార్ అసెంబ్లీలో 32 సీట్లు గెలిచి ప్రధాన ప్రతిపక్షమయ్యారు. చెక్కుబుక్కు అప్పుడు ఆయన చేతిలోనే ఉంది. ప్రత్యేక రాష్ట్రం కావాలని రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్‌ను అడిగితే ఒప్పుకోలేదు. సీట్లూ తగ్గుతూ వచ్చాయి. 1963లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేశారు. రాష్ట్రం రాలేదు, పార్టీ పోయింది. ఆయన 1970లో పోయారు, జార్ఖండ్ 2000 నవంబర్ 15న వచ్చింది. సొంతవాళ్లే ఆయన్ని అమ్ముడుపోయాడన్నారు. కాలేజీలో ఉన్నప్పుడు నేనూ అదే అనేవాణ్ణి. అమ్మ ఐదేళ్లు చూశాక ఆ మాట నోటికి రావట్లేదు. విలీనం తప్పేనని మాత్రం ఇప్పటికీ అంటాను.

ఇక మనకు సంబంధమంటారా, ఆయన దారి మనకు పనికిరాదు. ఇప్పటి జార్ఖండ్‌లోని ఛోటానాగ్‌పుర్‌లో ముండాలు, ఒరావులు ఊళ్లకు ఊళ్లే ఉన్నారు, కాబట్టి పార్టీ పెట్టగలిగారు. మన ఆంధ్ర రాష్ట్రంలో యానాదులం ఐదు లక్షలకు పైనే, కానీ ఊరికి పది గుడిసెలు, చెరువు కట్ట మీద నాలుగు, గుంట కాపలాకి ఒకటి. అందుకే రాష్ట్రంలోని 7 ఎస్టీ అసెంబ్లీ సీట్లూ శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఏజెన్సీ వైపే ఉన్నాయి, నెల్లూరులో గానీ ప్రకాశంలో గానీ ఒక్కటీ లేదు. మనకోసం యానాది సంఘం నడిపి పద్మభూషణ్ దాకా వెళ్లిన వెన్నెలకంటి రాఘవయ్య గారు కూడా యానాది కాదు. ఆయన మీద గౌరవం ఉంది, కానీ మన మాట మన నోటితో రావడం వేరు.

అమ్మ నోటితో అది ఒక్కసారే వచ్చింది, అదీ అడ్డదారిన. మూడో ఏడు సిమెంటు రోడ్డు బిల్లుకు సంతకం అడిగితే, "చెయ్యి నొస్తా ఉందయ్యా" అనింది. మర్నాడూ అదే మాట. పదకొండు రోజులు అదే నొప్పి. కాలనీకి నీళ్ల పైపు వేస్తామని పెద్దాయన మనిషి వచ్చి చెప్పినాక కూడా తగ్గలేదు, గుంత తవ్వి పైపు దించినాకే తగ్గింది. 2021లో సీటు జనరల్ అయింది, అమ్మ మళ్లీ గుంట కాడికి పోతా ఉంది. కుళాయి వస్తానే ఉంది, వేసవిలో మాత్రం రెండు రోజులకోసారి.