పక్క టీమ్ కోడ్‌లో మనం చెయ్యి పెట్టొచ్చా?

ప్రశ్న: మా టీమ్‌కి కావాల్సిన చిన్న మార్పు ఒకటి వేరే టీమ్ వాళ్ళ లాగిన్ లైబ్రరీలో చెయ్యాలండీ. టికెట్ పెట్టి రెండు నెలలైంది, అడిగితే వచ్చే స్ప్రింట్, అంటే తర్వాతి పని విడతలో చూస్తాం అంటారు. పోనీ మేమే రాసిస్తామంటే, రేపు ఏదన్నా పగిలితే ఎవరు చూస్తారని వాళ్ళ మేనేజర్ అడ్డం పడుతున్నారు. కోడ్ అందరికీ తెరిచిపెట్టి ఎవరైనా మార్పులు పంపే ఓపెన్ సోర్స్‌లో చేసినట్టు కంపెనీ లోపల చెయ్యలేమా?
– ఒక పాఠకుడు, మాదాపూర్

జవాబు: చెయ్యొచ్చండీ, దీనికి ఇన్నర్ సోర్స్ అని పేరు కూడా ఉంది. 2000లో టెక్ పుస్తకాల ప్రచురణకర్త టిమ్ ఓరైలీ వాడిన మాట అది, తర్వాత అప్పట్లో పేపాల్‌లో ఉన్న డానీస్ కూపర్ 2015లో ఇన్నర్‌సోర్స్ కామన్స్ అని ఒక బృందాన్నే మొదలెట్టారు. కోడ్ బయటికి పోదు, లోపలున్న అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా పుల్ రిక్వెస్ట్, అంటే ఈ మార్పు తీసుకోండి అని కోడ్‌తో ఒక అభ్యర్థన పెట్టొచ్చు, దాన్ని మెర్జ్ చేసేది, అంటే అసలు కోడ్‌లో కలిపేది మాత్రం ఆ కోడ్ సొంత టీమే.

ఆ మేనేజర్ భయం తప్పేం కాదు, రాసినోళ్ళు రాసి పోతే అర్ధరాత్రి ఫోన్ మోగేది ఆయన టీమ్‌కే కదా. దీనికి 30 రోజుల వారంటీ అని ఒక పద్ధతుంది, మీ కోడ్ ప్రొడక్షన్‌కి, అంటే నిజంగా జనం వాడే సిస్టమ్‌లోకి వెళ్ళాక నెల రోజులు దాంట్లో వచ్చే బగ్స్ మేమే చూసుకుంటామని ముందే ఒప్పుకోవడం. అదే మాట ఈమెయిల్‌లో రాసిచ్చి చూడండి.

అసలు తంటా రివ్యూ దగ్గర, అంటే మీరు పంపిన కోడ్‌ని వాళ్ళు చూసి సరే అనే దగ్గర. నేను ఇదివరకు పనిచేసిన చోట రిపోలన్నీ, అంటే కోడ్ దాచే చోట్లన్నీ అందరికీ తెరిచేశారు, ఇంకేముంది అనుకున్నాం, తీరా చూస్తే కోడ్ ఎలా వాడాలో చెప్పే రీడ్‌మీ ఫైల్‌లో ఒకే ఒక్క లైను, బిల్డ్ చేసి కోడ్ ఆడించడానికే రెండు రోజులు పట్టింది, ఎందుకయ్యా అంటే సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైల్ ఒకాయన లాప్‌టాప్‌లో మాత్రమే ఉంది! అదీ అయ్యాక నా పుల్ రిక్వెస్ట్ మూడు వారాలు అలాగే పడుంది. పాపం దాన్ని చూడాల్సినాయన్ని అనీ లాభం లేదు, పక్కోళ్ళ కోడ్ చూసినందుకు అప్రైజల్‌లో ఆయనకి ఒరిగేదేమీ లేదు. ఇన్నర్ సోర్స్‌లో ట్రస్టెడ్ కమిటర్ అని ఒక మనిషిని పెట్టేది అందుకే, బయటి టీమ్‌ల కోడ్ చూడ్డం, వాళ్ళకి దారి చూపించడం ఆయన పనిలో భాగం, దానికి టైమ్ కూడా ఇవ్వాలి. మీ పైవాళ్ళతో కొట్లాడాల్సింది దీని గురించే, టూల్స్ గురించి కాదు.

ఇక మీ లాగిన్ మార్పు సంగతి, కోడ్ రాయకముందే వాళ్ళ రిపోలో ఒక ఇష్యూ, అంటే చర్చకి ఒక నోట్ తెరిచి ఇలా చేద్దామనుకుంటున్నాం, పర్లేదా అని అడగండి, సరే అన్నాకే రాయండి, టెస్టులు కూడా కలిపి చిన్నగా పంపండి. ఒకేసారి వెయ్యి లైన్లు పంపితే నేనైనా చూడను.